మెట్ట ఊళ్లలో సముద్ర కథ: నౌకాచరిత్ర వ్యక్తిపై చిన్న తాత్కాలిక ప్రదర్శన

కొద్ది రోజులో, కొద్ది వారాలో ఉంచి విప్పేసేది తాత్కాలిక ప్రదర్శన. మ్యూజియానికి సొంత భవనం ఉంటుంది, సొంత వస్తువులుంటాయి, వాటిని కాపాడే సిబ్బంది ఉంటారు. చిన్న తాత్కాలిక ప్రదర్శనకు చాలాసార్లు ఈ మూడూ ఉండవు. ఒక గది, పది పన్నెండు పలకలు, రెండు మూడు బల్లలు, అడిగిన వాటికి జవాబు చెప్పే మనుషులు ఒకరిద్దరు ఉంటే అది నడుస్తుంది. అందుకే కళాశాలల చరిత్ర శాఖలు, శాఖా గ్రంథాలయాలు, ఉన్నత పాఠశాలలు దీన్ని చేపట్టగలుగుతాయి. అయితే నౌకాచరిత్రకు చెందిన ఒక మనిషిని తీసుకుని, సముద్రం జాడే లేని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలో చూపించాలంటే మామూలు ప్రదర్శనకు లేని చిక్కులు కొన్ని ఎదురవుతాయి. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. కుప్పం కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు రెండింటికీ ఆనుకుని ఉన్న ఊరు. ఇక్కడ ఓడ గురించి చెప్పబోయేవాడు ముందుగా "మాకెందుకు?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి.

ఎవరిని ఎంచుకోవాలి

తెలుగు తీరానికి నౌకాచరిత్ర కొరత లేదు. శాతవాహనుల నాణేల మీద తెరచాప స్తంభాలున్న ఓడ బొమ్మ ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు రక్షణ ప్రకటించింది. ఇవి గొప్ప విషయాలే అయినా ఓడ మీద నిలబడి నిర్ణయాలు తీసుకున్న ఒక మనిషి వీటిలో కనబడడు. రాజు కనబడతాడు, రేవు కనబడుతుంది, అంతే. వ్యక్తి మీద ప్రదర్శనకు ఉత్తరాలు, చిత్రపటాలు, తేదీలు, శత్రువులు, తప్పొప్పులు కావాలి.

1971 యుద్ధం మరో దారి. విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో, ఆ యుద్ధంలో పాల్గొన్న జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర మ్యూజియంగా 2002 నుంచి ఉంది. 91 మీటర్ల అసలు జలాంతర్గామిలోకి దిగి చూడవచ్చు. దాన్ని ప్రారంభించిన అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు కుప్పం శాసనసభ్యుడే కావడం ఈ వ్యాసానికి దొరికిన చిన్న కాకతాళీయం. కానీ అసలు వస్తువు విశాఖలో ఉండగా దాని ఫొటోలు కుప్పంలో తగిలిస్తే ఆ ప్రదర్శన పర్యాటక ప్రకటనలాగే మిగులుతుంది.

ఈ మూడు ఊళ్లకు నిజంగా తగిన నౌకాచరిత్ర వ్యక్తి తెలుగువాడు కాదు, భారతీయుడు కూడా కాదు. ఫ్రెంచి నౌకాదళాధిపతి పియెర్ ఆంద్రె ద సఫ్రెన్. 1782, 1783 సంవత్సరాల్లో కోరమండల్ తీరం వెంట బ్రిటిష్ అడ్మిరల్ ఎడ్వర్డ్ హ్యూస్‌తో అయిదుసార్లు తలపడ్డవాడు. నేలమీద ఆయనకు అండగా నిలిచింది మైసూరు నవాబు హైదరాలీ. ఆ హైదరాలీ పుట్టిన బూదికోట కుప్పానికి వాయవ్యంగా, కోలారు జిల్లాలో ఉంది. చనిపోయింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో, 1782 డిసెంబరు 7న. మదనపల్లెకు ఉత్తరాన ఉన్న గుర్రంకొండ కోట ఆయన బావమరిది మీర్ రజా అలీ ఖాన్ చేతిలో ఉండేది. 1781 జులైలో పోర్టోనోవో దగ్గర జరిగిన పోరులో ఆ రజా అలీ ఖాన్ ప్రాణాంతకంగా గాయపడ్డాడు. ఆయన మక్బరా గుర్రంకొండలో ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడాది సఫ్రెన్ తన సైన్యాన్ని ఒడ్డుకు దించింది అదే పోర్టోనోవోలో. కాబట్టి ఈ కథకు తీరం మీద ఒక కొస ఉంటే, రెండో కొస మన గుట్టల మధ్యే ఉంది.

సఫ్రెన్ జీవితంలో ప్రదర్శనకు పనికొచ్చేది

సఫ్రెన్ 1729లో దక్షిణ ఫ్రాన్సులోని ప్రోవాన్స్‌లో, సెయింట్ కన్నా అనే ఊళ్లో పుట్టాడు. చిన్నతనంలోనే నౌకాదళంలో చేరాడు. మాల్టా వీరసంఘంలో సభ్యుడై 'బైయీ' అనే హోదా పొందాడు. 1781 మార్చిలో అయిదు యుద్ధనౌకలతో బ్రెస్ట్ రేవు నుంచి బయలుదేరాడు. దారిలో ఏప్రిల్ 16న కేప్ వెర్డె దీవుల్లోని పోర్టో ప్రాయాలో లంగరేసి ఉన్న బ్రిటిష్ దళం మీద విరుచుకుపడ్డాడు. ఆ దెబ్బతో బ్రిటిష్‌వారి కన్నా ముందే దక్షిణాఫ్రికా కొసకు చేరి, అక్కడి డచ్చి స్థావరాన్ని వారి చేతికి చిక్కకుండా కాపాడగలిగాడు. తర్వాత ఆయన చేరిన, మారిషస్ నుంచి కదిలిన ఫ్రెంచి దళానికి పెద్ద అయిన దోర్వ్ 1782 ఫిబ్రవరిలో ఓడ మీదే చనిపోవడంతో పెత్తనం సఫ్రెన్‌కు వచ్చింది.

ఆ తర్వాత యుద్ధాల వరుస ఇది: ఫిబ్రవరి 17న సద్రాస్, ఏప్రిల్ 12న శ్రీలంక తూర్పు తీరంలో ప్రొవిడియన్, జులై 6న నాగపట్నం, సెప్టెంబరు 3న ట్రింకోమలి, 1783 జూన్ 20న కడలూరు. ఈ అయిదు పోరుల్లోనూ ఏ పక్షమూ ఎదుటివారి పెద్ద యుద్ధనౌకను పట్టుకుపోలేకపోయింది. ఎవరు గెలిచారన్నది ఒక్క మాటలో తేలని యుద్ధం కావడం ప్రదర్శనకు వరమే. గెలుపోటముల పట్టిక పెట్టి ముగించే వీలు లేదు గనుక, చూసేవాడు కారణాలు వెతుక్కుంటాడు.

కడలూరు పోరుకు మరో విశేషం ఉంది. ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య ప్రాథమిక ఒప్పందం మీద 1783 జనవరి 20నే సంతకాలయ్యాయి. ఆ వార్త కోరమండల్ తీరానికి చేరింది జూన్ చివరలో. యూరపులో సంధి కుదిరిన అయిదు నెలలకు ఇక్కడ మనుషులు ఫిరంగులు పేల్చుకుని చచ్చిపోయారు. సెకన్లలో సందేశం అందుకునే కళాశాల విద్యార్థిని నిలబెట్టడానికి ఈ ఒక్క పలక చాలు.

సఫ్రెన్ 1788 డిసెంబరు 8న పారిస్‌లో చనిపోయాడు. ఫ్రెంచి నౌకాదళం ఆయన పేరును ఓడలకు పెడుతూనే వస్తోంది. వారి కొత్త తరం అణు జలాంతర్గాముల్లో మొదటిదాని పేరు సఫ్రెన్. సెయింట్ ట్రోపెజ్ రేవులో ఆయన కంచు విగ్రహం ఉంది. ఈ వివరాలు ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటే సరిపోతుంది. విగ్రహాలు, పేర్లు కీర్తిని చెబుతాయి గాని, ఆయన ఏం చేశాడో చెప్పవు.

ఒడ్డు నుంచి చెప్పడం

వ్యక్తి మీద ప్రదర్శన అనగానే పుట్టుక దగ్గర మొదలుపెట్టి చావు దగ్గర ఆపడం అలవాటు. చిన్న గదిలో ఆ పద్ధతి నిలవదు. అమెరికన్ మ్యూజియం పరిశోధకురాలు బెవర్లీ సెరెల్ వందకు పైగా ప్రదర్శనల్లో సందర్శకులను గమనించి 1998లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఎక్కువమంది ఒక ప్రదర్శనలో గడిపేది ఇరవై నిమిషాల లోపే. అందులో సగం చదవడానికి పోయిందనుకుంటే, ఒక మనిషి చదవగలిగేది వెయ్యి, పన్నెండువందల మాటలు. గోడల మీది మొత్తం రాత అంతకు మించకూడదు. అరవై ఏళ్ల జీవితాన్ని ఆ కాస్తలో కుక్కితే తేదీల చిట్టా అవుతుంది. ఒక్క ప్రశ్న తీసుకుని దానికి జవాబు చెబితే ప్రదర్శన అవుతుంది.

మెట్ట ఊళ్లకు తగిన ప్రశ్న ఇది: ఓడల మీది వేలమందికి తిండి ఎవరు పెట్టారు? 74 ఫిరంగుల యుద్ధనౌకలో ఏడువందల మంది దాకా ఉండేవారు. సఫ్రెన్ సొంత ఓడ 'ఏరో' ఆ తరగతిదే. ఆయన యుద్ధానికి దిగేనాటికి కోరమండల్ తీరంలో ఫ్రెంచివారికి ఒక్క రేవూ లేదు, పుదుచ్చేరి 1778 నుంచీ బ్రిటిష్‌వారి చేతిలో ఉంది. మరమ్మతు చేసుకునే చోటు లేక, చిన్న ఓడల స్తంభాలు పీకించి పెద్ద ఓడలకు నిలబెట్టుకున్నాడు. బియ్యం, మాంసం, నీళ్లు, డబ్బు నేలమీది నుంచి రావాలి. ఆ నేల అప్పుడు హైదరాలీ గుప్పిట్లో ఉంది. 1780 జులైలో ఆయన 80 వేలకు పైబడ్డ సైన్యంతో చెంగం కనుమ దిగి కర్ణాటకం (ఆర్కాటు సీమ) మైదానం మీద పడ్డాడు. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని చిత్తు చేశాడు. నవంబరుకల్లా ఆర్కాటు ఆయన వశమైంది.

హైదరాలీకీ సఫ్రెన్ అవసరం అంతే ఉంది. పశ్చిమ తీరంలో ఆయన కట్టించుకున్న ఓడలను 1780 డిసెంబరులో మంగళూరు రేవులో తగలబెట్టింది ఎవరో కాదు, ఈ ఎడ్వర్డ్ హ్యూసే. సొంత నౌకాదళం పోయిన రాజు, సొంత రేవు లేని నావికుడు 1782 జులై చివర కడలూరు దగ్గర కలుసుకున్నారు. సఫ్రెన్ బాగా లావుపాటి మనిషి. తివాచీ మీద బాసిపట్టు వేసుకుని కూర్చోలేక ఇబ్బంది పడుతుంటే హైదరాలీ దిండ్లు తెప్పించి, తీరుగా కూర్చోమన్నాడని ఫ్రెంచి కథనాలు చెబుతాయి. ఈ ముచ్చట ప్రదర్శనకు మంచి గుమ్మం. ఒక తివాచీ పరిచి, నాలుగు దిండ్లు వేసి, పక్కన రెండు వాక్యాలు రాస్తే చాలు. పిల్లలు కూర్చుని చూస్తారు. ఎవరికి ఎవరి అవసరం ఎంత ఉందో పెద్దలకు అర్థమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన పలక ఎద్దుల మీద ఉండాలి. హైదరాలీ సైన్యం వేగానికి పేరుపడింది అమృతమహల్ అనే జాతి ఎద్దుల వల్ల. ఫిరంగులు లాగినవి, ధాన్యం మోసినవి అవే. 1781లో చిదంబరాన్ని ఆదుకోవడానికి హైదరాలీ రెండున్నర రోజుల్లో వంద మైళ్లు నడిపించాడని చెప్పుకునేది ఆ ఎద్దుల బలంతోనే. తెరచాపకు గాలి ఎంత అవసరమో సఫ్రెన్ దళానికి ఈ ఎద్దుబండి అంత అవసరం అని చెప్పగలిగిన రోజు, కుప్పం రైతుకు ఈ ప్రదర్శనతో పేచీ ఉండదు.

స్థానిక ముద్ర హద్దులు

ఇక్కడే ఒక వల పొంచి ఉంటుంది. ఎద్దుల పలక అనగానే పుంగనూరులో నిర్వాహకులకు పుంగనూరు ఆవు గుర్తొస్తుంది. ప్రపంచంలోనే పొట్టి జాతుల్లో ఒకటి, ఊరికి పేరు తెచ్చిన జంతువు. దాన్ని సఫ్రెన్ కథలో ఇరికించాలని మనసు లాగుతుంది. కానీ యుద్ధాల్లో బరువులు లాగినది ఆ పొట్టి జాతి కాదు. అలాగే సముద్రయానంలో సి విటమిన్ లోపంతో వచ్చి నావికులను చంపిన స్కర్వీ గురించి చెబుతూ, సి విటమిన్ ఉందని మదనపల్లె టమాటాను బల్ల మీద పెట్టాలనిపిస్తుంది. దేశంలో పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి ఉన్న ఊరు గనుక చప్పట్లు కూడా పడతాయి. స్కర్వీ నిజం, టమాటాలో సి విటమిన్ నిజం, ఈ రెంటినీ 1782లో కలపడం మాత్రం అబద్ధం. 1747లో స్కాట్లండు వైద్యుడు జేమ్స్ లిండ్ ఓడ మీద పరీక్షించి చూపినవి నారింజలు, నిమ్మకాయలు. బల్ల మీద నిమ్మకాయ పెడితే చాలు, అది ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది.

చేదు భాగం

సఫ్రెన్‌ను వీరుడిగా నిలబెట్టి చేతులు దులుపుకోవడానికి లేదు. 1782లో తన దగ్గరున్న బ్రిటిష్ ఖైదీలను పోషించలేక ఆయన హైదరాలీకి అప్పగించాడు. మైసూరు చెరల్లో వారిలో చాలామంది నానా యాతనలు పడ్డారు. ఆ అప్పగింతను ఆనాడే తప్పుపట్టారు, ఇంకా తప్పుపడుతూనే ఉన్నారు. హైదరాలీ దండు కర్ణాటకంలో పంటలు, ఊళ్లు తగలబెట్టింది. 1782లో చెన్నపట్నం కరవుతో అల్లాడింది. ఓడలకు చేరిన బియ్యం ఎవరి గాదెల్లోంచి వచ్చిందన్న ప్రశ్నను మొదటి ప్రశ్న పక్కనే పెట్టాలి. తిండి ఎవరు పెట్టారని అడిగినవాడు, ఎవరి నోటి దగ్గరిది లాక్కుని పెట్టారని కూడా అడగక తప్పదు.

హైదరాలీ, టిప్పు సుల్తానుల పేర్లు నేడు రాజకీయ వాదనల్లో నలుగుతున్నాయి. నిర్వాహకుల్లో కొందరు ఆ భయంతో హైదరాలీని చిన్న పటానికి కుదించి, సఫ్రెన్‌ను ఒంటరి నావికుడిగా చూపిద్దామంటారు. అలా చేస్తే ఈ ఊళ్లలో ఈ ప్రదర్శన పెట్టడానికి ఉన్న ఒకే ఒక్క కారణం పోతుంది. ప్రతి పలక అడుగున ఆ సమాచారం ఎవరి రాతల్లోదో చిన్నగా చెప్పడం మేలైన మార్గం: కంపెనీ రికార్డులా, ఫ్రెంచి అధికారి దినచర్యా, మైసూరు ఆస్థాన చరిత్రా అన్నది. సెయింట్ జార్జ్ కోట కాగితాలు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు పురాలేఖాగారంలో ఉన్నాయి. ఆ ఏళ్లలో పుదుచ్చేరిలో ఉండి తమిళంలో దినచర్య రాసుకున్న రెండవ వీరానాయకర్ డైరీ అచ్చులో ఉంది. తెల్లవారి కళ్లతోనే చూడనక్కర లేకుండా అదొక ఆసరా.

వస్తువులు, నకళ్లు

చిన్న ప్రదర్శనకు అసలు వస్తువులు దొరకవు. దొరకకపోవడమే ఒక రకంగా మంచిది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతి పురావస్తువు కిందికి వస్తాయి. వాటిలో ముఖ్యమైన రకాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊళ్లో ఎవరి ఇంట్లోనో పాత కత్తి, ఫిరంగి గుండు ఉందని తెచ్చి బల్ల మీద పెట్టే ముందు దాని కాగితాలు చూడాలి. కాపలా, బీమా లేని గదిలో అసలుది పెట్టకపోవడమే ఉత్తమం.

నకళ్లకు లోటు లేదు. ఇటలీ చిత్రకారుడు పొంపేయో బతోని 1785లో వేసిన సఫ్రెన్ తైలవర్ణ చిత్రం వెర్సాయ్‌లో ఉంది. శిల్పి ఊదోన్ చెక్కిన ఆయన పాలరాతి ప్రతిమ హేగ్ నగరంలోని మౌరిత్‌షూయిస్ మ్యూజియంలో ఉంది. శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడల మీద పొల్లిలూరు యుద్ధ చిత్రం ఇప్పటికీ చూడవచ్చు. ఇంత పాత చిత్రాల మీద కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. అయితే వాటికి తీసిన ఫొటోలను ఎలా వాడుకోవచ్చో ఆయా సంస్థలు పెట్టిన షరతులు చదువుకోవాలి. ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం డిజిటల్ విభాగం గాలికాలో పటాలు, ముద్రణ చిత్రాలు తెరిచి ఉన్నాయి. అచ్చుకు సరిపడే పెద్ద ఫైలు దించుకోకపోతే ఆరడుగుల పలక మీద అడ్మిరల్ ముఖం చుక్కలు చుక్కలుగా చీలిపోతుంది.

సఫ్రెన్, హైదరాలీల కలయికను చూపే 1789 నాటి మొరె ముద్రణ చిత్రం అందరూ వాడేదే. దాని వివరణలో కొన్ని చోట్ల 1783 అని కనిపిస్తుంది. హైదరాలీ 1782 డిసెంబరులోనే చనిపోయాడు గనుక అది పొరపాటు. పైగా ఆ చిత్రం సంఘటన జరిగిన ఏడేళ్లకు వెలువడ్డ అచ్చు. అక్కడి దుస్తులు, గుడారాలు ఎంతవరకు కళ్లతో చూసినవి, ఎంతవరకు ఊహ అన్నది పలక మీదే అడగవచ్చు. తప్పున్న బొమ్మను దాచడం కంటే, తప్పు చూపించి వేలాడదీస్తే విద్యార్థులకు పదిరెట్లు ఎక్కువ తెలుస్తుంది.

పలకలు, అక్షరాలు

ఊళ్లో పలక అంటే ఫ్లెక్సీ. చవక, గంటలో చేతికొస్తుంది. మెరుపు ఎక్కువ కావడం దాని పెద్ద లోపం. ట్యూబ్‌లైటు ఎదురుగా పడితే సగం వాక్యాలు కనబడవు. సన్‌బోర్డు మీద మెరుపు లేని వినైల్ అంటిస్తే ఖర్చు కాస్త పెరుగుతుంది గాని, మూడు ఊళ్లు తిరిగినా అంచులు ముడుచుకోవు. గుడ్డ మీద అచ్చు వేయించడం ఇంకో దారి. చుట్టి బస్సులో తీసుకుపోవచ్చు.

తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషు పలకలకు రాసిన కొలతలు పట్టుకుని వరుసల మధ్య ఖాళీ వదిలితే ఒక వరుస వత్తు కింది వరుస గుడిలో ఇరుక్కుంటుంది. నిలబడి చదివే రాతకు 28, 30 పాయింట్ల కన్నా చిన్న అక్షరం వాడకూడదు. మండలి వంటి సాదా ఫాంటు చదవడానికి, రామభద్ర వంటి బొద్దు ఫాంటు శీర్షికకు సరిపోతాయి. పెళ్లిపత్రికల వంపులను పలక మీదికి రానివ్వకూడదు. పలక మధ్యభాగం నేల నుంచి దాదాపు 145 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే పెద్దలకు హాయి. ఆరో తరగతి పిల్లలే ఎక్కువగా వస్తారనుకుంటే ఇంకో జానెడు దించాలి.

భాషల విషయంలో మూడు ఊళ్లకు ఒకే సూత్రం కుదరదు. మదనపల్లెలో తెలుగుతో పాటు ఉర్దూ చదివేవారున్నారు. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే టీకొట్టు దగ్గర వినబడతాయి. 1997లో దక్షిణాది రాష్ట్రాల సహకారంతో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో పెట్టడానికి ఈ సరిహద్దు స్వభావమూ కలిసొచ్చింది. ప్రతి పలకనూ నాలుగు భాషల్లో నింపితే గోడలు అక్షరాల అడవిగా మారతాయి. పెద్ద పలకలు తెలుగులో ఉంచి, మిగతా భాషల్లో పూర్తి పాఠాన్ని ఒక్కొక్క కాగితం మీద అచ్చువేసి గుమ్మం దగ్గర ఉంచడం నయం.

గది, వెలుతురు, వాన

మదనపల్లెలో 1915లో అనీబిసెంట్ స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల ఉంది. రవీంద్రనాథ్ టాగూర్ 1919లో అక్కడ బసచేసి జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చారు. అలాంటి పాత భవనాల్లో గోడకు మేకు కొట్టకూడదు, కొట్టనివ్వరు కూడా. కాబట్టి తనంతట తాను నిలబడే చట్రాలు కావాలి. టెంట్‌హౌస్‌లో దొరికే ఇనుప గొట్టాలు, బల్లలు, తెల్లగుడ్డ, ఫోకస్ లైట్లతోనే పని గడుస్తుంది. పుంగనూరులో పాఠశాల గదైనా, కల్యాణ మండపమైనా మొదట చూడాల్సింది కిటికీలు ఎటు వైపున్నాయో, స్విచ్‌బోర్డు ఎక్కడుందో. నడవా నాలుగడుగులకు తగ్గితే చక్రాల కుర్చీ తిరగదు.

పాత కాగితం, పట్టుగుడ్డ అసలువి ఉంటే వాటి మీద పడే వెలుతురు 50 లక్స్ దాటకూడదన్నది మ్యూజియాల నియమం. నకళ్లకు ఆ బాధ లేదు. అన్నీ నకళ్లే అయితే దీపాలు తగ్గించి గదిని చీకటి గుహ చేయడం వట్టి ఆడంబరం.

తేదీ ఎంపికలో ఈ కథ ఒక సౌకర్యం ఇస్తుంది. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం, 7 హైదరాలీ చనిపోయిన రోజు, 8 సఫ్రెన్ చనిపోయిన రోజు. ఆ వారం పెడితే పత్రికల వారికి వేరే కారణం చెప్పనక్కర లేదు. చిత్తూరు సీమలో అది ఈశాన్య ఋతుపవనాల చివరి భాగం. గోడలు చెమ్మగిల్లుతాయి, కాగితం అలలు తిరుగుతుంది. ఆ ఋతుపవనమే ఆనాడు ఓడలను కోరమండల్ తీరం నుంచి తరిమేది. అక్టోబరు దాటితే అక్కడ లంగరేయడం ఆత్మహత్య. సహజమైన రేవు గనుకనే ట్రింకోమలి కోసం రెండు దళాలూ కొట్టుకున్నాయి. సఫ్రెన్ 1782 ఆగస్టు చివర దాన్ని పట్టుకుని, ఆ శీతకాలం సుమత్రాలోని అచేలో గడిపాడు. బయట వాన పడుతున్నప్పుడు ఈ పలక ముందు నిలబడి చెప్పేవాడికి సగం మాటలు మిగులుతాయి.

చేతికి అందేవి

అద్దాల పెట్టెలు లేని ప్రదర్శనకు ముట్టుకునే వస్తువులే బలం. 'ఏరో' తరగతి ఓడ పొడవు సుమారు 55 మీటర్లు. పాఠశాల మైదానంలో ముగ్గుపిండితో ఆ పొడవున ఓడ ఆకారం గీసి, ఏడువందల మంది లోపల ఎలా పట్టారో ఒక తరగతి పిల్లలను నిలబెట్టి లెక్క వేయించవచ్చు. అటువంటి ఓడల అడుగు అంతస్తు ఫిరంగి గుండు పదిహేడున్నర కిలోల పైచిలుకు. కుప్పం గ్రానైటు క్వారీ ముక్కను ఆ బరువుకు కోయించి బల్ల మీద పెడితే ఎత్తి చూస్తారు. ఇనుపగుండు ఇంతకన్నా బాగా చిన్నగా ఉంటుందని పక్కన రాయాలి, బల్ల గట్టిదై ఉండాలి. ఓడ ఒరగకుండా అడుగున రాళ్లు నింపేవారని నీళ్ల తొట్టిలో డబ్బా తేలేసి, గ్రానైటు చిప్స్ వేస్తూ చూపవచ్చు. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె మగ్గాల వాళ్లను పిలిస్తే, చీరకూ తెరచాపకూ పోగు బిగువులో తేడా నేతగాడి నోటితోనే వినవచ్చు. తాళ్ల ముడులు ఒక బల్ల మీద ఉంటే అక్కడ జనం తగ్గరు.

ఊరి నుంచి ఊరికి

తిరిగే ప్రదర్శనలు మనకు కొత్త కాదు. కలకత్తాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1965లోనే ప్రదర్శనను బండెక్కించి పల్లెలకు పంపింది. అది మొదలు జాతీయ విజ్ఞాన మ్యూజియాల మండలి బస్సులు దేశమంతా తిరుగుతున్నాయి. కుప్పం దగ్గర పెద్ద ప్రాంగణం ఉన్న అగస్త్య ఫౌండేషన్ విజ్ఞాన ప్రయోగాల సరంజామాను వాహనాల్లో పాఠశాలలకు చేరుస్తోంది. వాటి అనుభవం చెప్పే ముఖ్యమైన సంగతి: వస్తువును మోసేవాడి చేతులతో ఆలోచించి చేయాలి. ఇద్దరు ఎత్తలేని పలక, ఆటోలో పట్టని చట్రం రెండో ఊళ్లో సగం విరిగి చేరుతుంది. ప్రతి పెట్టె మీద లోపల ఏముందో, ఏ వరుసలో నిలబెట్టాలో రాసి ఉండాలి. మూడు గదులు మూడు ఆకారాల్లో ఉంటాయి గనుక పలకల వరుస ఎటు తిప్పినా కథ తెగకూడదు. దానికి మార్గం ప్రతి పలకనూ సొంతంగా అర్థమయ్యేలా రాయడమే.

విప్పేటప్పుడు

సందర్శకుల పుస్తకంలో "చాలా బాగుంది" అన్న సంతకాలే ఎక్కువ ఉంటాయి, వాటితో తెలిసేది తక్కువ. ఏ పలక ముందు ఎంతసేపు నిలబడ్డారో ఒక విద్యార్థి మూల కూర్చుని కాగితం మీద గీతలు పెడితే తర్వాతి ఊళ్లో ఏ పలక మార్చాలో తెలుస్తుంది. సందర్శకులు చెప్పే స్థానిక కథలను వేరే పుస్తకంలో రాసుకోవాలి. హైదరాలీ ఫలానా బావిలో నీళ్లు తాగాడనే కథ ప్రతి ఊళ్లోనూ ఒకటుంటుంది. అది చరిత్రగా పలక ఎక్కదు గాని, ఊరి జ్ఞాపకంగా దాచుకోదగ్గదే. తేదీల్లో, పేర్లలో ఎవరైనా తప్పు పట్టుకుంటే దిద్దుబాటు కాగితం అదే పలక మీద అంటించి, ఎవరి ఆధారంతో దిద్దారో రాయాలి. చివరి ఊరు పూర్తయ్యాక ఫ్లెక్సీలు పశువుల కొట్టాల కప్పులుగా పోయినా ఫర్వాలేదు. పలకల రాత, చిత్రాల మూలాలు, అనుమతుల కాగితాలు మాత్రం ఒక ఫైలుగా మూడు ఊళ్ల శాఖా గ్రంథాలయాల్లోనూ తలా ఒక ప్రతి ఉండాలి.